కరువు సీమ చేతిపనితో ఇంటికి కొత్త వెలుగు: నిమ్మలకుంట తోలు దీపాలు కొనేముందు తెలుసుకోవాల్సినవి

కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లకు గోడలకు రంగులు, కింద టైల్స్, పైన ఫాల్స్ సీలింగ్ అన్నీ అయ్యాక చివర్లో ఒక ప్రశ్న మిగులుతుంది. హాల్లో ఏ లైటు పెట్టాలి? సోఫా వెనక ఖాళీ గోడ మీద ఏం తగిలించాలి? చాలామంది ఫ్యాక్టరీలో తయారైన షాండ్లియర్ ఒకటి, ప్రింట్ వేసిన ఫ్రేము ఒకటి కొనేస్తారు. పక్కింట్లోనూ అదే ఉంటుంది, ఎదురింట్లోనూ అదే ఉంటుంది. అందుకే ఈమధ్య ఇంటీరియర్ డిజైనర్లు చేత్తో చేసిన వస్తువుల వైపు మళ్లుతున్నారు. ఎంత ఖర్చు పెట్టినా మరో ఇంట్లో అచ్చం అలాంటిదే కనిపించకపోవడం చేతిపనికి ఉన్న గొప్పతనం.

బీదర్, హైదరాబాద్‌ల బిద్రీ పాత్రలు, నిర్మల్ కొయ్యబొమ్మలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, శ్రీకాళహస్తి కలంకారీ మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటి పక్కన నిలబడగల మరో వస్తువు అనంతపురం కరువు నేల నుంచి వస్తోంది. అదే నిమ్మలకుంట తోలు దీపం. లైటు ఆపితే అది గోడమీది రంగుల బొమ్మ. వేస్తే గదంతా చుక్కల వెలుగు. అయితే ఇంటికి అలంకారంగా మారకముందు దీని కథ వేరు. ఆ కథ తెలిస్తే ఏది కొనాలో, ఎంత ఇవ్వాలో, ఎక్కడ పెట్టాలో తేలిగ్గా అర్థమవుతుంది.

వాన లేని నేల, మేకల మంద

నిమ్మలకుంట ధర్మవరం మండలంలో ఉన్న ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక ఇది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. అయినా జనం నోట ఇప్పటికీ అనంతపురమే. పడమటి కనుమలకు ఇవతల, వాన మబ్బులు అందని చోట ఉన్న పీఠభూమి ఇది. ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురమని చెబుతుంటారు. ఇక్కడి రైతు వేరుశనగ వేసి ఆకాశం వైపు చూస్తాడు. వాన మొహం చాటేస్తే ఆదుకునేవి గొర్రెలు, మేకలు. పంట ఎండినా ముళ్లకంప మేసి బతికే జీవం మేక.

ఈ కళకు ముడిసరుకు ఆ మేక తోలే. దీనికోసం ప్రత్యేకంగా జీవాన్ని కోయరు. మాంసం కోసం కోసిన మేకల తోళ్లనే కళాకారులు కొంటారు. పాతకాలంలో దేవుళ్ల బొమ్మలకు జింక తోలు వాడేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ దారి మూసుకుపోయింది.

రాత్రి కథ నుంచి డ్రాయింగ్ రూముకు

ఈ తోలు మొదట దీపం కోసం కాదు, తోలుబొమ్మలాట కోసం తయారయ్యేది. ఊరి మధ్యలో తెల్లటి తెర కట్టి, వెనక ఆముదం దీపాలు పెట్టి, రామాయణ, భారత కథలను రాత్రంతా ఆడేవారు. ఆంధ్ర తోలుబొమ్మలు దేశంలోనే పెద్దవి. కొన్ని మనిషి ఎత్తు ఉంటాయి. చేతులు, కాళ్లు, తల విడివిడిగా కదులుతాయి. మధ్యలో చీల్చిన వెదురు బద్ద బిగించి, ఆ కర్రతోనే బొమ్మను ఆడిస్తారు. భర్త బొమ్మను కదిలిస్తే భార్య పాట అందుకునేది, పిల్లలు తాళం వేసేవారు. కథ మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఊరి సంగతులు చెప్పి నవ్వించేవారు. దేవుళ్ల కథ కాబట్టి ఒక్క మతం వాళ్లే చూసేవారని అనుకోనక్కర్లేదు. సినిమా లేని రోజుల్లో ఊరందరికీ అదే వినోదం.

కరువు సీమలో ఈ ఆటకు ఇంకో పని కూడా ఉండేది. వానలు మొండికేస్తే ఊరి పెద్దలు చందాలు వేసుకుని విరాటపర్వం ఆడించేవారు. ఆడితే వాన పడుతుందని నమ్మకం. ఇలా ఊరూరా తిరిగి ఆడే కుటుంబాలు కొన్ని నిమ్మలకుంటలో స్థిరపడ్డాయి. వీళ్ల పూర్వీకులు మరాఠా ప్రాంతం నుంచి వచ్చారు. దళవాయి, షిండే లాంటి ఇంటిపేర్లు ఆ మూలాన్ని ఇప్పటికీ చెబుతాయి. ఇంట్లో మరాఠీ యాస, బయట తెలుగు.

ఊళ్లోకి సినిమా వచ్చింది, ఇంట్లోకి టీవీ వచ్చింది, చేతిలోకి ఫోన్ వచ్చింది. రాత్రంతా కూర్చుని ఆట చూసేవాళ్లు కరువయ్యారు. ఆట పోతే బొమ్మ ఎవరికి? బొమ్మ చేయడం మానేస్తే ఆ చేతిపని ఎలా బతకాలి? అప్పుడే కళాకారులు తోలును ల్యాంప్‌షేడ్‌గా, గోడ బొమ్మగా, గది మధ్య తెరగా మార్చారు. శిల్పారామం లాంటి చోట్ల జరిగే మేళాలు, ఢిల్లీ, సూరజ్‌కుండ్ ప్రదర్శనలు కొత్త సంతలయ్యాయి. తోలుబొమ్మల కళకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఈ ఊరికి చెందిన కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది.

అయితే ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. అవార్డుతో గౌరవం వచ్చింది, రోజూ ఆట చూసే జనం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఈ కళకు అన్నం పెట్టేది ఎక్కువగా ఇంటి అలంకరణే. అంటే కొనేవాళ్లు ఏం అడుగుతారన్నదే ఈ చేతిపని భవిష్యత్తును నిర్ణయిస్తోంది.

తోలులోంచి వెలుగు ఎలా వస్తుంది?

చెప్పులు, బెల్టులు కూడా తోలే కదా, వాటిలోంచి వెలుగు రాదెందుకు? కిటుకు తయారీలో ఉంది. చెప్పుల తోలును చెట్ల బెరడుతోనో రసాయనాలతోనో పదును చేస్తారు. అప్పుడది మెత్తగా, దళసరిగా, రంగు తిరిగి వెలుగును ఆపేస్తుంది. బొమ్మల తోలును అలా పదును చేయరు. నానబెట్టి, వెంట్రుకలు తీసి, లోపలి కొవ్వు, పొర పోయేదాకా గీకి, బాగా లాగి కట్టి ఆరబెడతారు. ఆరాక అది పల్చగా, గట్టిగా, కాస్త పసుపు ఛాయలో గాజులా వెలుగును పంపే పలకలా తయారవుతుంది.

దానిమీద ముందు బొమ్మ గీతలు గీస్తారు. తర్వాత అసలు పని మొదలవుతుంది. తోలును చెక్క మీద పరిచి, రకరకాల మొనలున్న ఉలులతో ఒక్కొక్క రంధ్రం కొడతారు. గుండ్రటివి, చుక్కలవి, ఆకు ఆకారంలో ఉన్నవి. నగలు, చీర అంచు, పూలదండ, కిరీటం అన్నీ ఈ రంధ్రాలతోనే పుడతాయి. రంగుతో గీసిన నగ పగలు కనిపిస్తుంది. రంధ్రంతో చెక్కిన నగ దీపం వెలిగించాక మెరుస్తుంది.

రంధ్రాలు అయ్యాక రంగులు వేస్తారు. ఒకప్పుడు ఆకులు, బెరడుల నుంచి తీసిన రంగులు, దీపపు మసి వాడేవారు. ఇప్పుడు ఎక్కువగా బజారులో దొరికే రంగులే వాడుతున్నారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం పల్చగా పూస్తారు. మందంగా పూస్తే వెలుగు ఆగిపోతుంది. ల్యాంపు అయితే ఇనుప తీగతో చేసిన ఫ్రేముకు తోలు ముక్కలను కొలతకు కత్తిరించి కుట్టి బిగిస్తారు. తోలు చేతికి వచ్చినప్పటి నుంచి ల్యాంపు వెలిగేదాకా రోజుల తరబడి పని. పెద్దదైతే ఇంట్లో ఇద్దరు ముగ్గురి చేయి పడాలి.

గీతల తీరు గమనిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. పక్కకు తిరిగిన ముఖం, పెద్ద కన్ను, చీరల మీద గళ్లు, తీగలు, అంచులు. ఇవి ఇదే సీమలోని లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలను గుర్తుచేస్తాయి. 16వ శతాబ్దంలో విజయనగర కాలంలో కట్టిన ఆ గుడిలో ఒక మండపం స్తంభాల నిండా అల్లికల లాంటి డిజైన్లే. చీరలు నేసేవాళ్లూ వాటిని వాడుకుంటారు. అందుకే ధర్మవరం పట్టు కుషన్, నిమ్మలకుంట దీపం ఒకే గదిలో పెడితే రెండూ ఒక ఇంటి పిల్లల్లా కలిసిపోతాయి.

ప్రాణుల బొమ్మలు వద్దనుకునే ఇళ్లకు

ముస్లిం ఇళ్లలో చాలామందికి ఇక్కడో సందేహం వస్తుంది. మనుషులు, జంతువుల బొమ్మలు ఇంట్లో, ముఖ్యంగా నమాజ్ చేసే గదిలో వద్దనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటివారు ఈ కళకు దూరంగా ఉండాల్సిన పనిలేదు. నిమ్మలకుంట పనిలో సగం అందం పూలు, తీగలు, ఆకులు, వలయాలు, అంచుల్లోనే ఉంది. ‘బొమ్మలు వద్దు, పూలు, తీగలు, గళ్ల డిజైన్ మాత్రమే చాలు’ అని ముందే చెప్పి ఆర్డర్ ఇవ్వొచ్చు.

నిజానికి ఈ పని ముస్లిం కళా సంప్రదాయానికి దగ్గరి చుట్టం. హైదరాబాద్‌లో పాయ్‌గా సమాధుల దగ్గర జాలీలు చూసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. అక్కడ గోడలోని రంధ్రాల గుండా ఎండ జల్లెడ పట్టినట్టు లోపల పడుతుంది. ఇక్కడ తోలులోని రంధ్రాల గుండా బల్బు వెలుగు పడుతుంది. వస్తువు వేరు, ఆలోచన ఒకటే.

తోలు బొమ్మల నీడలాట కూడా ఒక్క మన దేశానిది కాదు. తుర్కియేలో కరాగోజ్ అనే నీడబొమ్మలాట ఉంది. ఒంటె తోలుతో చేసి రంగులు వేసిన బొమ్మలు. ఉస్మానియా సామ్రాజ్య కాలంలో రంజాన్ రాత్రుల్లో ఇఫ్తార్ తర్వాత కాఫీ దుకాణాల్లో దీన్ని చూసేవారు. 2009లో యునెస్కో దీన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ముస్లింలే ఎక్కువగా ఉన్న ఇండోనేషియాలోని జావాలో గేదె తోలుతో చేసే వయాంగ్ కులిత్ ఉంది. అక్కడి ముస్లిం కళాకారులు ఈనాటికీ రామాయణ, భారత కథలు ఆడతారు. ఆ బొమ్మల చేతులు, ముక్కు, మెడ అసలు మనిషిని పోలకుండా సాగదీసినట్టు ఉండటానికి ఇస్లాం ప్రభావమే కారణమని అక్కడ చెబుతారు. ఎవరి నమ్మకానికి తగ్గట్టు వాళ్లు రూపాన్ని మార్చుకున్నారు, చేతిపనిని మాత్రం వదులుకోలేదు.

ఏ గదిలో ఏది?

కొనేముందు గదిని ఒకసారి రాత్రిపూట చూడాలి. తోలు దీపం చదువుకోవడానికి పనికొచ్చే లైటు కాదు. మెత్తటి వెలుగు కావాల్సిన చోట దీన్ని పెట్టాలి.

హాల్లో: సోఫా పక్క మూలలో నిలబెట్టే పొడవాటి ల్యాంపు బాగుంటుంది. వెనక గోడ తెలుపు లేదా లేత రంగుదైతే చుక్కల నీడలు గోడ మీద స్పష్టంగా పడతాయి. ముదురు రంగు, వాల్‌పేపర్ ఉన్న గోడ ముందు ఆ అందం పోతుంది.

భోజనాల బల్ల మీద: పైనుంచి వేలాడే గుండ్రటి షేడ్. కూర ఆవిరి తగలనంత ఎత్తులో ఉండాలి.

పడకగదిలో: చిన్న టేబుల్ ల్యాంపు. పిల్లల గదిలో రాత్రి లైటుగా కూడా బాగుంటుంది. కానీ చేతికి అందేంత దగ్గరలో పెట్టకూడదు.

గోడ మీద: పెద్ద బొమ్మను గానీ పూల పలకను గానీ గోడకు ఆనించి కొడితే సగం అందం పోతుంది. రెండు అంగుళాలు ముందుకు వచ్చేలా ఫ్రేము కట్టించి వెనక ఎల్‌ఈడీ పట్టీ పెడితే రంధ్రాలన్నీ వెలుగుతాయి.

హాలుకీ భోజనాల గదికీ మధ్య: తోలు పలకలు బిగించిన చెక్క తెర. పర్దా పెట్టే ఇళ్లలో ఇది రెండు పనులు చేస్తుంది. చాటు ఉంటుంది, వెలుగు ఆగదు.

ఒక గదిలో ఒక్కటి చాలు. నాలుగైదు పెడితే ఇల్లు ఎగ్జిబిషన్ స్టాల్‌లా కనిపిస్తుంది.

అసలుదా, నకిలీదా?

పేరు పెరిగేకొద్దీ ప్లాస్టిక్ షీటు మీద, కాగితం మీద ప్రింట్ వేసి ‘తోలు బొమ్మ’ అని అమ్మే సరుకు కూడా పెరుగుతుంది. పోల్చుకోవడం కష్టమేమీ కాదు.

వెలుగుకు ఎదురుగా పట్టి చూడాలి. అసలు తోలులో మందం అంతటా ఒకేలా ఉండదు. ఒకచోట పసుపు ఛాయ ఎక్కువ, ఒకచోట తక్కువ. సన్నటి నరాల గీతలు కనిపిస్తాయి. ప్లాస్టిక్ అంతా ఒకే నునుపు.

రంధ్రాల మీద వేలు పెట్టి రాయాలి. ఉలితో కొట్టిన రంధ్రానికి వెనకవైపు అంచు కాస్త పైకి లేచి గరుకుగా తగులుతుంది. రంధ్రాల మధ్య దూరం కూడా వెంట్రుకవాసి అటూ ఇటూ ఉంటుంది. మెషిన్‌తో కాల్చి కోసినదైతే అన్నీ ఒకే కొలతలో ఉండి, అంచులు గోధుమ రంగులో మాడినట్టు కనిపిస్తాయి. రంధ్రాలే లేకుండా చుక్కలు రంగుతో మాత్రమే వేసి ఉంటే, తోలు అసలుదైనా పని తక్కువదే.

ఆన్‌లైన్‌లో కొంటే లైటు వెలిగించిన వీడియో ఒకటి, ఆపిన ఫొటో ఒకటి పంపమని అడగాలి. నిజంగా చేసేవాళ్లు సంతోషంగా పంపుతారు.

ధర, బేరం, గడువు

చిన్న గోడ బొమ్మ కొన్ని వందల్లో దొరుకుతుంది. పెద్ద ల్యాంపు, మనిషి ఎత్తు బొమ్మ వేలల్లోకి వెళ్తుంది. ధర మూడింటి మీద ఆధారపడుతుంది: తోలు సైజు, రంధ్రాల సంఖ్య, ఎన్ని రోజుల పని. పెద్దదల్లా ఖరీదైనది కాదు. అరచేతి వెడల్పులో వందల రంధ్రాలున్న పలక, ఖాళీగా ఉన్న పెద్ద పలక కన్నా ఎక్కువ విలువైనది.

ఇక్కడే బేరం సంగతి వస్తుంది. ‘ఇంత ధరా, సగానికిస్తావా’ అని గట్టిగా అడిగితే కళాకారుడు కాదనలేకపోవచ్చు. సగానికే ఇస్తాడు. కానీ మరుసటిసారి రంధ్రాలు తగ్గించి ఆ చోట రంగు పూస్తాడు. ఇంట్లో పిల్లవాడికి ఉలి పట్టడం నేర్పడానికి బదులు బెంగళూరులో ఏదైనా పని చూసుకోమంటాడు. అలా బేరం ఒక్కో మెట్టు దిగేకొద్దీ నైపుణ్యమూ ఒక్కో మెట్టు దిగుతుంది. కరోనా కాలంలో మేళాలు ఆగిపోయినప్పుడు ప్రదర్శనల మీదే ఆధారపడే చేతివృత్తులవాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో అందరూ చూశారు. అందుకే కొత్త ఇల్లు కట్టేవాళ్లు గృహప్రవేశానికి నెలా రెండు నెలల ముందే కొలతలు, రంగులు, డిజైన్ చెప్పి, కొంత అడ్వాన్స్ ఇచ్చి చేయించుకోవడం ఇద్దరికీ మేలు. కొనేవాళ్లకు నచ్చినట్టు వస్తుంది, చేసేవాళ్లకు మేళా లేని నెలలో పని దొరుకుతుంది.

నేరుగా నిమ్మలకుంట వెళ్లి కొనడం అన్నిటికన్నా మంచిది. గుంతకల్లు, బెంగళూరు దారిలో ధర్మవరం పెద్ద రైల్వే జంక్షన్. అక్కడి నుంచి ఊరికి రోడ్డు ఉంది. వెళ్లలేనివారు ఆంధ్రప్రదేశ్‌లో లేపాక్షి, తెలంగాణలో గోల్కొండ పేరుతో ప్రభుత్వ హస్తకళల సంస్థలు నడిపే షోరూముల్లో అడగవచ్చు. గల్ఫ్‌లో ఉండి ఊళ్లో ఇల్లు కట్టిస్తున్నవాళ్లు ఇంట్లోవాళ్లతో కొలతలు తీయించి ఆర్డర్ ఇప్పించవచ్చు.

జాగ్రత్తలు తప్పనిసరి

పదును చేయని తోలుకు మొదటి శత్రువు తేమ. తడి తగిలితే మెత్తబడి వంకర తిరుగుతుంది, రంగు కారుతుంది. బాత్రూమ్ గోడకు, వంటింట్లో, కిటికీ పక్కన వాన జల్లు పడేచోట పెట్టకూడదు. తడిగుడ్డతో తుడవడం అసలే వద్దు. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

రెండోది వేడి. పాత రకం బల్బు వేడికి తోలు ఎండి పగులుతుంది. 5 నుంచి 9 వాట్ల ఎల్‌ఈడీ, పసుపు ఛాయది పెట్టాలి. తెల్లటి లైటు పెడితే తోలు రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది.

మూడోది నేరుగా పడే ఎండ. రంగులు వెలిసిపోతాయి. దాచిపెట్టాల్సి వస్తే పాలిథిన్ సంచిలో కట్టొద్దు, లోపల చెమ్మ పడుతుంది. నూలు గుడ్డలో చుట్టి, ఎలుకలు, పురుగులు చేరనిచోట బల్లపరుపుగా పెట్టాలి. ఇలా చూసుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది. తాతల నాటి బొమ్మలను భద్రంగా దాచుకుని ఆడించిన కుటుంబాలే దీనికి సాక్ష్యం.

ఇదే నేల నుంచి మరికొన్ని

తోలు దీపం ఒక్కటే కాదు. ధర్మవరం మగ్గాల మీద నేసిన పట్టుకు కూడా భౌగోళిక గుర్తింపు ఉంది. పెట్టెలో మూలన పడి ఉన్న పాత పట్టుచీర అంచును ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుంటే అమ్మ పెళ్లి చీర ఇంటికే అలంకారమవుతుంది. అనంతపురంలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఆధ్వర్యంలో వైకల్యం ఉన్న మహిళలు చేతితో అలంకరణ వస్తువులు తయారుచేస్తున్నారు. అవి స్పెయిన్ ఇళ్ల దాకా వెళ్తున్నాయి. సముద్రాలు దాటి కొనేవాళ్లు ఉన్న వస్తువు పక్క జిల్లావాళ్లకు తెలియకపోవడం మాత్రం బాధాకరం.

ఇల్లు కట్టడానికి లక్షలు పెట్టేవాళ్లకు ఒక ల్యాంపు ఖర్చు పెద్ద లెక్క కాదు. ఆ ల్యాంపు చేసే ఇంటికి మాత్రం అది నెల గడిచే డబ్బు. ప్లాస్టిక్ ప్రింట్ కాకుండా ఉలితో చెక్కినదే కావాలని అడిగే ఇళ్లు పెరిగితే, నిమ్మలకుంటలో తండ్రి పక్కన కూర్చుని ఉలి పట్టే పిల్లలూ ఉంటారు.